ముత్యం చెవిలో తిరిగిన ఫ్యాను

ముత్యం తన యాభై ఎనిమిదేళ్ళ బతుకులో అబద్ధమాడబోయింది ఒక్కసారే. పెండ్లిచూపుల నాడు కాబోయే మామ "కల్లు తాగుతవా, పిలగా?" అని అడిగితే "తాగ" అన్నాడు. అని, గుక్క తిప్పుకోకుండా "నిన్న తాగిన" అన్నాడు. ఆ రెండో మాట విన్నాకే పిల్లనిచ్చానని ఐలవ్వ తండ్రి బతికున్నన్నాళ్ళూ చెప్పుకున్నాడు.

అలాంటి మనిషికి జబ్బు చేస్తే గోదావరిఖనిలో ఆయన ఉండే క్వార్టర్ల లైనులో ఒక్కరంటే ఒక్కరు నమ్మలేదు. నటిస్తున్నాడన్నారు. నటిస్తున్నాడని తిట్టలేదు, మెచ్చుకున్నారు.

ఎందుకు మెచ్చుకున్నారో తెలియాలంటే అక్కడి పద్ధతి ఒకటి చెప్పాలి. బొగ్గుబాయిలో పనిచేసే మనిషికి నిజంగా పని చేతకాని రోగమొస్తే డాక్టర్ల బోర్డు చూసి 'అన్‌ఫిట్' అని రాస్తుంది. అప్పుడు ఆయన కొలువు కొడుక్కు వస్తుంది. కష్టంలో పడ్డ ఇంటికోసం దేవుడు తెరిచి ఉంచిన తలుపు అది. తలుపు తెరిచి ఉంటే దారిన పోయేవాళ్ళు కూడా తొంగిచూస్తారు కదా. ఎదిగిన కొడుకున్న ఇంట్లో తండ్రికి యాభై ఏడు దాటితే చాలు, "నీకేం నొస్తలేదా?" అని ఆశగా పలకరించడం ఆ లైనులో మర్యాద అయి కూర్చుంది.

ముత్యానికి ఏమీ నొయ్యదు. కొడుకు ఉపేందర్ డిగ్రీ చదివి బస్టాండు దగ్గర జిరాక్సు సెంటర్లో పనిచేస్తున్నాడు. "బాపూ, జర మోకాలు గుంజుతుందనరాదే" అని ఎన్నోసార్లు బతిమాలాడు. "గుంజుతలేదు గద బిడ్డా" అనేవాడు ముత్యం, అది తన తప్పే అయినట్టు తల దించుకుని.

ఆయన చేసే పని గోడలు కట్టడం. భూమి లోపల మంచిగాలి వెళ్ళే దారి ఒకటి ఉంటుంది. పనిచోట్లన్నీ తిరిగి చెడిపోయిన గాలి బయటికొచ్చే దారి ఇంకొకటి. రెండూ కలిస్తే లోపలున్నవాళ్ళకు ఊపిరాడదు. అందుకని నడుమ ఇటుక గోడలు కడతారు. ముప్పై మూడేళ్ళుగా ముత్యం కట్టింది ఆ గోడలనే. గోడ లేచాక ఏ సందులోంచైనా గాలి కారుతున్నదేమోనని చెంప ఆనించి చూసేవాడు. తోటివాళ్ళు నవ్వితే "నా చెంపకు తెలుస్తదిరా" అనేవాడు. ఆ గాలిని లాగే పెద్ద ఫ్యాను బాయి మీద ఉంటుంది. దాని హోరు పగలూ రాత్రీ లైనంతా వినిపిస్తుంది. అది వినీ వినీ అక్కడివాళ్ళకు వినపడడమే మానేసింది.

వానలు మొదలైన రోజుల్లో ఒక మధ్యాహ్నం ముత్యం డ్యూటీ దిగి వచ్చి, పక్కింట్లో దూరాడు. క్వార్టర్లన్నీ ఒక్క అచ్చున పోసినట్టుంటాయి. చొక్కా కొక్కేనికి తగిలించి, గోడకానుకుని కూర్చుని "బువ్వ పెట్టు" అన్నాడు.

అది అస్గర్ ఇల్లు. అస్గర్ బాయిలో మెకానిక్కు. ఆయన భార్య తస్లీమా ముత్యం వైపు ఒక్క నిమిషం చూసింది. ఆకలితో కూర్చున్న మనిషిని ఇక్కడెందుకు కూర్చున్నావని అడగడం ఆమెకు చేతకాదు. అన్నం, పప్పు, కోడిగుడ్డు కూర పెట్టింది. మారు వడ్డించింది. అస్గర్ స్నానం చేసి తువ్వాలతో బయటికొస్తే ముత్యం కొంచెం జరిగి చోటిచ్చాడు. "రా అన్నా, కూసో. సిగ్గుపడకు, నీ ఇల్లే అనుకో."

అస్గర్ నవ్వీ నవ్వీ తువ్వాల జారకుండా పట్టుకోలేక గోడను పట్టుకున్నాడు. "అరె వాహ్, ముత్యం భాయ్! ఆఖిర్‌కు షురూ చేసినవ్!"

సాయంత్రానికి వార్త సదయ్యకు అందింది. సదయ్య ఆ లైనుకు పెద్దదిక్కు. ఎనిమిదేళ్ళ కిందట మోకాలి నొప్పితో అన్‌ఫిట్ అయ్యి కొడుక్కు కొలువు ఇప్పించుకున్నాడు. అప్పటినుంచి ఇంటి గడప దాటితే కుంటుతాడు. ఏ కాలన్నది మాత్రం ఆయనకు గుర్తుండదు. కూరగాయల మార్కెటుకు ఎడమకాలు, గుడికి కుడికాలు. ఆ రోజు ఎడమకాలితో వచ్చి ముత్యం ఎదుట కుర్చీ వేసుకున్నాడు.

"ఇయ్యాల ఏ వారం, తమ్మీ?"

"బెస్తారం" అన్నాడు ముత్యం. ఆ రోజు గురువారమే.

"గిట్లయితే ఎట్లనే! గంత జల్ది చెప్తే బోర్డోళ్ళు నీకు చాయ తాపి డ్యూటీకి తోలుతరు. జర ఆగాలె. గోడ దిక్కు చూడాలె. మళ్ళ అడుగుతున్న. ఇయ్యాల ఏ వారం?"

"బెస్తారమే గద, సదన్నా. నీకు గూడ యాదిలేదా?"

సదయ్య నుదురు కొట్టుకున్నాడు. కానీ ఓపికగల మనిషి, రోజూ వచ్చాడు. వారం తిరిగేసరికి లైనులో సగం మంది ఆ పాఠం చూడడానికి చేరేవాళ్ళు. ఐలవ్వ అందరికీ చాయ పెట్టేది. ఒకరోజు సదయ్య అదే ప్రశ్న అడిగితే ముత్యం చాలాసేపు గోడ వైపు చూశాడు. కళ్ళు ఎక్కడో ఉన్నాయి.

"బాయిల దిగినోళ్ళందరు పైకొచ్చిండ్రా?" అన్నాడు.

అందరూ చప్పట్లు కొట్టారు. సదయ్య కళ్ళు తుడుచుకున్నాడు. "ఇది నేను నేర్పింది కాదుల్లా. సొంతంగ చేసిండు."

ఐలవ్వ కూడా నవ్వింది. లేదంటే అది అబద్ధమవుతుంది. కొడుకు జిరాక్సు మిషను ముందు నిలబడి నిలబడి వచ్చి కాళ్ళు పిసుక్కుంటుంటే చూసిన తల్లి ఆమె. ముత్యం మనసు మార్చుకున్నాడేమోనన్న ఆశ ఆమెకూ ఉంది. అందుకే ఆయన నడక నెమ్మదించినా, కూర్చున్నచోట కునుకు తీస్తున్నా, ఏది అడిగినా "సరే" అంటున్నా పట్టించుకోలేదు. పాలవాడు "రేపు పైసలిస్తవా?" అంటే సరే. "ఇచ్చినవ్ గదనే!" అంటే సరే. బస్సు కండక్టరు "మంథనికా?" అంటే సరే అని, డ్యూటీ డ్రెస్సుతోనే మంథని వెళ్ళి వచ్చాడు. అక్కడ ఎవరో పుణ్యాత్ములు టోపీ చూసి బాయి మనిషని గుర్తుపట్టి, అరటిపండు పెట్టి తిరుగు బస్సెక్కించారు.

శ్రావణంలో ఓదెల మల్లన్న దగ్గరికి పోయినప్పుడు ఆమెకు మొదటిసారి గుండె ఝల్లుమంది. ముత్యం మొక్కుతూ మొక్కుతూ ఆగి "మన ఫ్యాను గీడిదాక ఇనవడ్తుందే" అన్నాడు. రామగుండం నుంచి రైలెక్కి వచ్చిన దూరం అది.

"ఏ ఫ్యానయ్యా?"

"అగో. చుయ్... చుయ్... అంటున్నది."

ఆమె చెవులు రిక్కించింది. గంటలు, పిల్లల ఏడుపులు, ఒగ్గు డోలు. ఫ్యాను లేదు.

తర్వాతి సోమవారం పొద్దున్నే మల్లన్న పటం ముందు ముత్యం కూర్చున్నాడు. సోమవారం మల్లన్న పసుపు, బండారి, బొట్టుగా పెట్టుకోనిదే ఆయన బాయి దిగడు. ఐలవ్వ పొయ్యి దగ్గరుండి వాకిలి సందులోంచి చూసింది. ఆయన ఇత్తడి డబ్బీ మూత తీశాడు. పసుప్పచ్చని బండారిని కాసేపు చూశాడు. చెంచాతో రెండుసార్లు చాయ గ్లాసులో వేసుకుని, కలిపి, తాగాడు. మీసాలు పచ్చబడ్డాయి. ఇంకా తీపి చాల్లేదన్నట్టు మూడో చెంచా వేసుకున్నాడు.

గదిలో ఎవరూ లేరు. ఉన్నది మల్లన్న ఒక్కడే. మనుషుల ముందు ఆడే ఆట మల్లన్న ముందు ఎవరాడతారు? ఐలవ్వ చేతిలోని గరిటె పొయ్యిలో పడింది.

"మీ బాపు ఆడుతలేడు, బిడ్డా" అంది కొడుకుతో. "మీ బాపుకు నిజంగనే ఏందో అయింది."

ఉపేందర్ మొహం పాలిపోయింది. బోర్డుకు దరఖాస్తు అప్పటికే పోయింది. సదయ్య నింపాడు, ముత్యం సంతకం చేశాడు. "బాపూ, పెడ్తున్నం మరి అంటే సరే అన్నడమ్మా. నేను ఖుషీ అయిన."

ఆ పొద్దున్నే కాలనీ దవాఖానకు బయల్దేరారు. అస్గర్ తన డ్యూటీ మార్పించుకుని ఎవరిదో ఆటో అడిగి తెచ్చాడు. సదయ్య పిలవకుండానే ఎక్కాడు. డాక్టరమ్మ ముందు తప్పులు దొర్లకుండా చూసుకోవాలి కదా.

డాక్టర్ సంధ్యారాణి చిన్న వయసు పిల్ల. ఐలవ్వ ఆమె ఎదుట రెండు చేతులూ జోడించింది. "మేడం, మా ఆయన నటిస్తలేడు. నిజంగనే బాగలేదు."

వాకిట్లో నిలబడ్డ సదయ్య "అట్ల చెప్పద్దు, చెల్లె, అట్ల చెప్పద్దు" అని గుసగుసలాడాడు.

డాక్టరమ్మ ముత్యాన్ని నడిపించింది, చేతులు చాపించింది, పేరడిగింది. పేరు చెప్పాడు. ఊరడిగితే నవ్వాడు. తర్వాత కుడిచెవి వెనకాల వేలు పెట్టి "ఆ ఫ్యాను జర బంద్ చేయించుండ్రి, మేడం. నిద్ర పడ్తలేదు" అన్నాడు.

ఆమె తలెత్తి చూసింది. కరెంటు లేదు. పైన ఫ్యాను కదలడం లేదు. ఒక్క క్షణం ఆలోచించి స్టెతస్కోపు తీసి ఆయన చెవి వెనక ఎముక మీద ఆనించింది. ముత్యం తన గోడలకు చెంప ఆనించినంత శ్రద్ధగా కళ్ళు మూసుకుని వింది. రెండో చేత్తో నాడి పట్టుకుంది.

"వినబడుతోంది" అంది మెల్లగా. "నాక్కూడా ఫ్యాను వినబడుతోంది."

ఐలవ్వ విన్నది. చుయ్, చుయ్, చుయ్. గుండె కొట్టుకున్నప్పుడల్లా ఒకటి. అస్గర్ విని "యా అల్లా" అని గొట్టం చెవుల్లోంచి తీసేశాడు. ఆఖరున సదయ్య విన్నాడు. విని, రెండు కాళ్ళ మీదా చక్కగా నడుచుకుంటూ వెళ్ళి బెంచీ మీద కూలబడ్డాడు.

"గిది గూడ నేర్చిండా?" అన్నాడు.

హైదరాబాదుకు రాసిచ్చారు. అస్గర్ వెంట వచ్చాడు. తస్లీమా పది మందికి సరిపడా రొట్టెలు కట్టింది. అక్కడ పెద్ద దవాఖానలో నరాల్లోకి రంగు ఎక్కించి ఫొటోలు తీశారు. పెద్ద డాక్టరు ఆ ఫొటోలు వెలుగుకు పెట్టి చూపిస్తూ చెప్పాడు. మెదడు పైపొరలో మంచిరక్తం తెచ్చే నాళం, వాడిన రక్తాన్ని తిరిగి తీసుకుపోయే నాళం ఒకచోట అతుక్కుపోయాయి. నడుమ ఉండవలసినదేదీ లేదు. మంచిరక్తం మెదడుకు అందకుండానే జోరుగా రెండో దాంట్లో దూకి, వెనక్కు తన్నుతోంది. మెదడు ఉబ్బిపోతోంది. చాలా అరుదు. వయసు మళ్ళినవాళ్ళకొస్తే ముసలితనం మతిమరుపనుకుని వదిలేస్తారు.

ఐలవ్వకు సగం కూడా అందలేదు. అస్గర్ ఆమె వైపు వంగాడు. "అక్కా, మంచిగాలి దారి, ఖరాబుగాలి దారి కలిసిపోయినయ్. నడిమిట్ల గోడ లేదు."

అప్పటిదాకా జోగుతున్న ముత్యం తలెత్తాడు. "గోడ కట్టాలె" అన్నాడు గట్టిగా. డాక్టరును చూసి "ఇటుకలున్నయా, సార్?" అనడిగాడు.

డాక్టరు నవ్వలేదు. మర్యాదగానే చెప్పాడు. "ఇటుకలు కాదు పెద్దాయనా. తొడ దగ్గరి నాళంలోంచి సన్నటి గొట్టం పంపి, జిగురులాంటి మందుతో మూసేస్తాం."

"జిగురు ఆగది సార్. సిమెంటు పట్టుండ్రి."

"మంచి కంపెనీ జిగురు" అన్నాడు డాక్టరు.

"సరే" అన్నాడు ముత్యం.

మూస్తే మనిషి మునుపటిలా అయ్యే అవకాశం బాగా ఉందన్నారు. ఆలస్యం చేస్తే లోపల రక్తం చిట్లవచ్చన్నారు. సోమవారానికి పెట్టుకున్నారు. శనివారం సదయ్య ఫోను చేశాడు. బోర్డు నుంచి చీటీ వచ్చింది. తేదీ ఇంకా పదహారు రోజులుంది.

"చెల్లె, పదారు రోజులు ఆగుండ్రి. పదారే! గిట్లనే తీస్కపోయి కూసోవెడ్దాం. నాటకం లేదు, అబద్ధం లేదు, పాపం లేదు. ఇన్నేండ్ల సంది మన లైనుల నిజమైన కేసు ఇదొక్కటే. బాగుచేయించి ఖరాబు చేస్తరా?"

ఐలవ్వ ఫోను పెట్టేసి గోడకానుకుంది. పాపం లేదన్న మాట చెవిలో తిరిగింది. పోయి డాక్టరునే అడిగింది. "సార్, పదారు రోజులు ఆగితె ఏమన్నయితదా?"

"ఆగచ్చమ్మా. ఆగకపోవచ్చు. తేదీ చూసుకుని చిట్లదు అది."

వరండాలో ఉపేందర్ ఆపరేషను కాయితం ముందు పెట్టుకుని కూర్చున్నాడు. ఐలవ్వ దూరంగా నిలబడింది. 'వద్దు' అని తను చెప్పలేదు, 'కానియ్' అని కొడుక్కు చెప్పే ధైర్యమూ లేదు. కొడుకు నూరేళ్ళు, మొగుని ప్రాణం. ఏ తూకంలో వేస్తుంది? మనసులో మల్లన్నను పిలిచింది, కానీ ఏం కోరుకోవాలో తెలియక పేరు దగ్గరే ఆగిపోయింది.

ఉపేందర్ సంతకం పెట్టాడు. పెట్టి, ఫోను తీసి బోర్డు ఆఫీసు నంబరు కొట్టాడు. అటు గుమాస్తా గొంతు ఐలవ్వకూ వినిపించింది.

"తేదీ మార్చాల్నా? ఎందుకు?"

"బాపుకు ఆపరేషనుంది సార్."

"ఆపరేషనైతే ఏమైతది?"

"బాగైతడు."

"తమ్మీ," అంది ఆ గొంతు, ఎంతో దయగా, "ఇంట్ల పెద్దోళ్ళెవరన్న ఉంటె ఫోనియ్యి."

ఉపేందర్ ఫోను పెట్టేశాడు. తల్లి పక్కన కూర్చుంటే చెప్పాడు. "మొన్న బాపు సెంటరుకచ్చిండమ్మా. నన్ను చూసి చేతులు జోడించిండు. 'సార్, నా కొడుకు గీడ్నే పనిచేస్తడట, ఏడున్నడో చూసిండ్రా?' అన్నడు. నన్నే."

"నువ్వేమన్నవ్?"

"చాయ తాగేతందుకు పోయిండు, కూసో అన్న. గంటసేపు నా ముంగటనే కూసోని నాకోసం ఎదురుచూసిండు."

సోమవారం గొట్టం పంపి, నాళం మూశారు. మంగళవారం పొద్దున ముత్యం మంచం మీద లేచి కూర్చున్నాడు. తల అటూ ఇటూ తిప్పి విన్నాడు. మొహంలో భయం కమ్ముకుంది.

"ఫ్యాను ఆగింది!" అని అరిచాడు. "ఫ్యాను ఆగిందిరో! అందరు బయటికి నడువుండ్రి!"

బాయిలో ఫ్యాను ఆగితే లోపల ఒక్కడూ ఉండకూడదు. అది నియమం. ముప్పై మూడేళ్ళు పాటించిన మనిషి, వార్డులో ముందు తన పక్క మంచం ముసలాయన్ని లేపాడు. ఆ గొంతులో ఏముందో గానీ, సెలైను సీసా చేత్తో పట్టుకుని ఒకాయన, చెప్పులు వెతుక్కుంటూ ఇంకొకాయన తలుపు దాకా వెళ్ళారు. ముత్యం అందరినీ ముందు పంపి తను ఆఖరున నిలబడ్డాడు. నర్సు పరుగెత్తుకొచ్చి తిడుతుంటే తలుపు దగ్గరున్న ఉపేందర్‌ను చూసి "ఉపేందరూ, మీ అవ్వ ఏడున్నదిరా? ముందుగాల ఆమెను తీస్కపో" అన్నాడు.

ఐలవ్వ వెనకాలే ఉంది. కదలలేదు. కొడుకు పేరు ఆయన నోట విని రెండు నెలలైంది.

కోలుకోవడానికి ఇంకా ఆరు వారాలు పట్టింది. బోర్డు వాళ్ళు కొత్త తేదీ వేసి చీటీ పంపారు. పోవద్దని అందరూ అన్నా, పిలిచినప్పుడు పోకపోతే తప్పని ముత్యం ఇస్త్రీ చొక్కా వేసుకుని పోయాడు.

"ఏం బాధ?" అనడిగారు.

"ఏం లేదు సార్. ఉండె. పోయింది."

"మరెందుకొచ్చావ్?"

"రమ్మన్నరు గద సార్."

ఏ వారమని అడిగితే వారం, తేదీ, తిథి చెప్పాడు. ఎల్లుండి ఏకాదశని కూడా గుర్తుచేశాడు. వాళ్ళు ఒకరినొకరు చూసుకుని, ఆరు నెలలు భూమి పైన పని, తర్వాత లోపలికి, ఫిట్ అని రాశారు. ఆ బల్ల ముందు ఆ మాట రాయించుకుని దండం పెట్టిన మనిషిని వాళ్ళు చూసి ఎన్నాళ్ళయిందో.

మర్నాడు పొద్దున డ్యూటీకి తయారై ముత్యం కొడుకు దగ్గర నిలబడ్డాడు. "నీ కొలువు నేను తిన్న గదరా."

"పో బాపు. నీ కొలువు నువ్వే తిన్నవ్" అన్నాడు ఉపేందర్, బండి తుడుస్తూ. "జల్ది రా. ఫస్టు షిఫ్టు టైమైతుంది. దింపి నేను సెంటరుకు పోవాలె."

వాళ్ళిద్దరూ అటు పోగానే పరామర్శకు జనం వచ్చారు. ఆడవాళ్ళు గోడవారన వరుసగా కూర్చున్నారు, చావింట్లో కూర్చున్నట్టే, కొంగులు నోటికడ్డం పెట్టుకుని. ఆ రోజు ఐలవ్వ పొయ్యి వెలిగించకూడదని ఒకరు అన్నం తెచ్చారు, ఒకరు చారు తెచ్చారు. తస్లీమా సేమియా పాయసం తెచ్చి, తియ్యటిది తేవచ్చో లేదో తెలియక మూత తీయకుండా ఒళ్ళో పెట్టుకుంది.

"పూర్తిగనే ఫిట్టటనా?" అనడిగింది ఒకామె, గొంతు తగ్గించి.

"పూర్తిగనే" అంది ఐలవ్వ.

"అయ్యో. గంతటి మంచి రోగమొచ్చి, చేతిలకచ్చినట్టే అచ్చి పాయె."

సదయ్య వాకిట్లో తల పట్టుకుని కూర్చున్నాడు. "ధైర్యం ఇడువకు, చెల్లె. ఇంక టైమున్నది. ఈసారి నడుము చూద్దాం."

ఐలవ్వ సదయ్య వైపు చూసింది. కొంగు మొహానికి గట్టిగా అడ్డం పెట్టుకుని గోడవైపు తిరిగింది. భుజాలు కదిలిపోతున్నాయి. ఆపుకున్నకొద్దీ ఎక్కువైంది.

"ఏడువకక్కా, ఏడువకు" అంటూ తస్లీమా లేచి వచ్చి పక్కన కూర్చుని ఆమె వీపు నిమిరింది. చేతి కింద ఆ వీపు అదిరే తీరుకు ఒక్క క్షణం ఆగింది. కొంగు కొంచెం తొలగించి చూసింది. కళ్ళ నిండా నీళ్ళు, మూతి నిండా నవ్వు. చూసి, మళ్ళీ కప్పేసి, తనూ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది.